అవ్వకు పిడికెడు మట్టి

ఆదివారం ఆరాధన సగంలో ఉంది. డోలు జోరుగా మోగుతోంది. పిల్లలు చప్పట్లు చరుస్తూ గొంతెత్తి పాడుతున్నారు. ముందు వరసలో కూర్చున్న ప్రిన్సిపాల్ సలోమే ముసింబికి అప్పుడు తగిలింది వాసన. ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకుంది. ఆదివారం పూట చెత్త తగలబెట్టేదెవరని మళ్ళీ తనకే అనుమానం వచ్చి వెనక్కి తిరిగింది. కిటికీ అవతల, అరటి తోట మీదుగా నల్లటి పొగ సుడులు తిరుగుతూ లేస్తోంది.

"హాస్టలు! హాస్టలు తగలబడుతోంది!" అని వెనక బెంచీల్లోంచి ఎవరో అరిచారు.

పాట అక్కడే తెగిపోయింది. పిల్లలంతా ఒక్కసారిగా తలుపు మీద పడ్డారు. ముసింబి తలుపుకి అడ్డంగా నిలబడి, తొక్కిసలాట కాకుండా ఒక్కొక్కరినీ బయటికి పంపి, తర్వాత తను పరిగెత్తింది.

మరగోలి కొండల్లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు సొంతంగా పెట్టుకుని నడుపుకుంటున్న ఆడపిల్లల హైస్కూలది. కొండరాళ్ళు పగలగొట్టి, ఊళ్ళో ఆడవాళ్ళు తలల మీద మోసుకొస్తే, లుగాలియా అనే మేస్త్రి ఆ రాళ్ళతో గోడలు లేపాడు. బడి ప్రభుత్వానిది కాదు, ఏ పెద్ద దొరదీ కాదు. అందుకని అందులో ఒక కిటికీ పగిలినా ఊరు మొత్తానికి తెలుస్తుంది. ఆ ఆదివారం ఊరు మొత్తం బకెట్లు పట్టుకుని వచ్చింది. తొట్టిలో నీళ్ళు అయిపోయాక వాగు దాకా వరస కట్టారు. అయినా లాభం లేకపోయింది. రేకుల కప్పు పెద్ద చప్పుడుతో లోపలికి కూలిపోయిన తర్వాతే పట్నం నుంచి ఫైరింజన్ వచ్చింది.

ప్రాణాలు మాత్రం పోలేదు. దెబ్బ తగిలింది ఒక్క మినాయోకి. మూడో ఫారం పిల్ల, మేస్త్రి లుగాలియా మనవరాలు. కడుపునొప్పని ప్రార్థనకి రాకుండా పడుకున్న జెండెకా లోపలే ఉండిపోయిందనుకుని, ఎవరు పట్టుకున్నా ఆగకుండా మంటల్లోకి దూరింది. రెండు మంచాల అవతలికి వెళ్ళేసరికి పైనుంచి కాలుతున్న దోమతెర చేతి మీద పడింది. మోచేయి నుంచి మణికట్టు దాకా కాలిపోయింది. జెండెకా లోపల లేదు. వంటింటి వెనక గోడకి ఆనుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది. మరుగుదొడ్డికి వెళ్ళానని చెప్పింది. అప్పుడెవరూ అంతకంటే అడగలేదు.

మర్నాడు పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చి, బూడిదని కర్రతో కెలికి చూశాడు. మనిషి మర్యాదస్తుడే, కాని మాటలో వెటకారం ఎక్కువ.

"మేడం, ఈ ఏడాది ఈ చుట్టుపక్కల బడులు చాలా తగలబడ్డాయి. అన్ని చోట్లా పిల్లల పనే. మీరేమో క్వేకర్లు. కత్తి పట్టరు, కర్ర పట్టరు. మీ పిల్లలకి అగ్గిపుల్ల పట్టకూడదని ఎవరూ చెప్పలేదా?"

"నాకు బుధవారం దాకా టైమివ్వండి. నేను కనుక్కుంటాను," అంది ముసింబి.

"ఎట్లా కనుక్కుంటారు?"

"బుధవారం మా మౌన ప్రార్థన."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "నోరు మూసుకుని కూర్చుంటే తప్పు ఒప్పేసుకుంటారా? ఆ కిటుకేదో మా స్టేషనుకి కూడా నేర్పండమ్మా, పుణ్యముంటుంది."

ఆదివారం పాటలు, డోళ్ళు, పాస్టరు గారి ప్రసంగం అన్నీ ఉంటాయి గాని, బుధవారం మాత్రం ఆ బళ్ళో వెనకటి క్వేకర్ల పద్ధతి. గంటసేపు అందరూ ఊరికే కూర్చుంటారు. లోపల్నుంచి మాట పుట్టుకొచ్చినవాళ్ళు లేచి చెబుతారు. పుట్టకపోతే లేదు. పిల్లలు దానికి నిద్ర పీరియడ్ అని పేరు పెట్టుకున్నారు. ముసింబికి మాత్రం దాని మీద గట్టి నమ్మకం. తన జీవితంలో పెద్ద నిర్ణయాలన్నీ ఆమె అలాంటి మౌనాల్లోనే తీసుకుంది. పెళ్ళి వద్దనుకోవడమూ అక్కడే, నైరోబీలో మంచి ఉద్యోగం వదులుకుని ఈ కొండ మీదికి రావడమూ అక్కడే.

బుధవారం వాన పట్టుకుంది. రేకుల మీద చినుకుల మోత తప్ప ఇంకో శబ్దం లేదు. పిల్లలు తలలు వంచుకుని కూర్చున్నారు. మూడు రాత్రులుగా తరగతి గదుల్లో చాపల మీద పడుకుంటున్న వాళ్ళ మొహాలు పీక్కుపోయి ఉన్నాయి. ముసింబి కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. ఎవరో తుమ్మారు. చాలాసేపటికి ఒకటో ఫారం చంటిది లేచి, "నాకు మా అమ్మ కావాలి," అని ఏడుస్తూ కూర్చుంది. అంతే. గంట కొట్టారు. పిల్లలు లేచి వెళ్ళిపోయారు. ఆ ఖాళీ బెంచీల మధ్య ముసింబికి మొట్టమొదటిసారి, మౌనం కూడా తనని మోసం చేసిందనిపించింది.

ఆ పూటే పోలీసులు జీపు వేసుకొచ్చి కాపలా ముసలాయన ఇగుంజాని పట్టుకుపోయారు. హాస్టలు వెనక గోడ దగ్గర సిగరెట్ పీకలు దొరికాయట. అవి ఇగుంజావేనని ఎవరూ చెప్పక్కర్లేదు. సిగరెట్టు ముట్టకూడని క్వేకర్ల ఆవరణలో దొంగచాటుగా కాల్చేది ఆయనొక్కడేనని ఒకటో ఫారం పిల్లలకి కూడా తెలుసు.

"పిల్లలకి తెలియకుండా దాక్కుని కాల్చాను గాని, ఇంటికి నిప్పెట్టేంత పెద్దగా కాల్చలేదు బాబూ," అన్నాడు ఇగుంజా. ఎవరూ వినలేదు. జీపెక్కుతూ వరండాలో నిలబడ్డ పిల్లల వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. "ఏడవకండే పిచ్చి మొహాల్లారా. అక్కడైనా ఉగాలి ముద్దలోకి చేపముక్క పడేస్తారేమో చూసొస్తా."

మధ్యాహ్నం భోజనాల దగ్గర లెక్క చూస్తే జెండెకా లేదు.

ముసింబి గేటు దగ్గర మోటార్ సైకిల్ కుర్రాణ్ణి పిలిచి వెనక ఎక్కింది. పట్నం దారి బురదగా ఉంది. రెండు మలుపులు తిరిగాక, తేయాకు తోటల పక్కన, వానలో తడుస్తూ, యూనిఫాంలో, కాళ్ళకి రబ్బరు చెప్పులతో నడుస్తూ కనిపించింది పిల్ల. బండి చప్పుడు విన్నా వెనక్కి తిరగలేదు.

"జెండెకా! ఆగు! ఎక్కడికి పోతున్నావే?"

"స్టేషనుకి మేడం."

"నీకు స్టేషనులో ఏం పని?"

పిల్ల ఆగింది. మొహం మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇగుంజా తాత కాదు మేడం. నేను."

బండి కుర్రాడు ఇంజను ఆపేశాడు. ముసింబి దిగి, చెప్పులు బురదలో కూరుకుపోతుంటే, పిల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఎందుకు చేశావు?"

"అంతా కాలాలని కాదు మేడం. నా పరుపొక్కటే."

"నీ పరుపు నువ్వెందుకు కాల్చుకున్నావే?"

"పరుపు లేని పిల్లని ఇంటికి పంపిస్తారు కదా మేడం. తెచ్చుకున్నాకే రావాలంటారు కదా. ఇంటికి పంపిస్తారని." జెండెకా మొహం తుడుచుకుంది. "శనివారం మా అవ్వని పూడ్చిపెట్టారు. కనీసం ఆదివారమన్నా వెళదామని. చిన్నగా అంటించి, కొంచెం కాలాక నీళ్ళు పోసేద్దామనుకున్నా. పక్కనే బకెట్టు కూడా పెట్టుకున్నా మేడం. పై మంచం మీది మినాయో దోమతెర ఒక్కసారే అంటుకుంది. నీళ్ళు పోశాను. ఆగలేదు. భయమేసి పారిపోయాను."

కిందటి గురువారం ఈ పిల్ల ఆఫీసు గదిలో తన ముందు నిలబడింది. అవ్వ చనిపోయింది, సెలవు కావాలంది. ముసింబి బల్ల మీది కాగితాల్లోంచి తలెత్తకుండా, తల్లో తండ్రో పోతే తప్ప సెలవు లేదంది. ఆ నియమం పెట్టింది తనే. అంతకుముందు ఏడాది ఒకే అమ్మాయికి నలుగురు అవ్వలు చనిపోయారు, ఆ నలుగురూ సంత రోజునే పోయారు. దాంతో విసిగిపోయి పెట్టింది. "మా అవ్వే మా అమ్మ మేడం," అంది జెండెకా. "అందరూ అలాగే అంటారు. వెళ్ళు, పరీక్షలున్నాయి, చదువుకో," అంది తను. అదే సాయంత్రం ఎవరో మేనమామ ఫోన్ చేస్తే, నియమం అందరికీ ఒకటేనని చెప్పి పెట్టేసింది కూడా. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ తలుచుకోనే లేదు.

"అమ్మా, వాన పెరుగుతోంది," అన్నాడు బండి కుర్రాడు నెమ్మదిగా. "వెనక్కా? ముందుకా?"

వెనక్కి తిప్పమనడం ఎంత తేలికో ముసింబికి తెలుసు. బడికి తీసుకుపోయి, తలుపు వేసుకుని మాట్లాడి, ఏదో ఒకటి సర్దుబాటు చేసుకోవచ్చు. కాని అక్కడ స్టేషను బెంచీ మీద ఇగుంజా కూర్చుని ఉన్నాడు.

"ముందుకే," అంది. "ముగ్గురం పడతామా?"

"సంత రోజుల్లో మేకతో సహా నలుగురిని ఎక్కించుకుంటానమ్మా. రండి."

స్టేషనులో జెండెకా చెప్పిందంతా ఇన్‌స్పెక్టర్ అడ్డు రాకుండా విన్నాడు. ఈసారి వెటకారం చేయలేదు. ఇగుంజాని వదిలేయమని లోపలికి కేకేశాడు. తర్వాత ముసింబిని పక్కకి పిలిచాడు.

"పిల్లకి పదహారేళ్ళు. ఆస్తి మీ సంఘానిది. మీ కమిటీ ఏమంటుందో సోమవారంలోగా వచ్చి చెప్పండి. కేసు కావాలంటే పిల్లల కోర్టుకి పంపిస్తా. లేదు, మా పిల్లని మేమే చూసుకుంటామంటే, ఆ బాధ్యత మీ మీద పెట్టి పై అధికారులతో మాట్లాడతా. అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకోండి. పారిపోయే రకమైతే కాదులెండి, తనంతట తనే నడిచొచ్చింది."

బడికి తీసుకెళ్ళడానికి వీల్లేదు. కబురు అప్పటికే ఎలా పాకిందో పాకింది. బట్టలూ పుస్తకాలూ పోగొట్టుకున్న పిల్లలు గేటు దగ్గరే గుంపుగా నిలబడ్డారని హాస్టలు మేట్రన్ ఫోన్ చేసింది. ముసింబి కాసేపు ఆలోచించి, జెండెకాతో కలిసి వాళ్ళ ఊరు వెళ్ళే మతాటు వ్యానెక్కింది.

చావు జరిగిన ఇల్లు ఇంకా సర్దుకోలేదు. టెంటు గుంజలు పీకేసిన గుంటల్లో వాన నీళ్ళు నిలబడ్డాయి. అద్దెకి తెచ్చిన కుర్చీలు చూరు కింద దొంతరగా పేర్చి ఉన్నాయి. అరటి చెట్ల పక్కన ఎర్రమట్టి దిబ్బ. గుండు కొట్టించుకున్న ఒక నడివయసు మనిషి గడప మీద కూర్చుని టీ తాగుతున్నాడు. జెండెకా మేనమామ చవాసు. పిల్లని చూడగానే గ్లాసు పక్కన పెట్టాడు.

"వచ్చావా మహారాణీ? పరీక్షలైపోయాయా? మా అమ్మ మూడు రోజులు నీ పేరే కలవరించి పోయింది. శవపేటిక మూసేటప్పుడు కూడా దారి వంకే చూశాం. పెంచిన ముసలిదానికి పిడికెడు మట్టి వేయడానికి తీరిక లేకపోయిందా నీకు?"

జెండెకా తల వంచుకుంది. ఈ మాటలన్నీ పడటానికే తను ఇంటికి వచ్చానన్నట్టు నిలబడింది.

"దాన్నేమీ అనకండి," అంది ముసింబి. "తను అడిగింది. నేనే పంపలేదు."

చవాసు అప్పుడు ఆమె వంక సరిగ్గా చూశాడు. "మీరెవరు?"

"ప్రిన్సిపాల్‌ని. గురువారం మీరు ఫోన్ చేసినప్పుడు మాట్లాడింది నేనే."

ఆయన మొహంలో కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు అటూ ఇటూ కదిలింది. "నియమం అన్నారు," అన్నాడు చివరికి. "మాకందరికీ అమ్మ వేరు, దానికి అమ్మ వేరమ్మా. దాని తల్లి దీన్ని నెలల పిల్లగా వదిలేసి పోయింది. ఆవుపాలు పట్టించి పెంచింది మా అమ్మ. మీకు తెలియదు. కాని అడగొచ్చు కదా? ఒక్క మాట అడగొచ్చు కదా?"

"అడగాల్సింది," అంది ముసింబి. "అడగలేదు. నాదే తప్పు."

లోపల్నుంచి చవాసు భార్య వచ్చి, పిల్ల తడిసిన తలకి తన భుజం మీది గుడ్డ తీసి కప్పి, చేయి పట్టుకుని దిబ్బ దగ్గరికి నడిపించింది. జెండెకా చాలాసేపు నిలబడింది. తర్వాత వంగి, తడి మట్టి ఒక పిడికెడు తీసి దిబ్బ మీద వేసింది. మళ్ళీ ఒకటి వేసింది. ఆ తర్వాత ఆపలేకపోయింది. చుట్టూ ఉన్న మట్టినంతా గోళ్ళతో లాగి లాగి వేస్తూ, "అవ్వా, రానివ్వలేదే అవ్వా, రానివ్వలేదే," అని గొంతు పగిలేలా ఏడ్చింది. ముసింబి అరటి చెట్టు పట్టుకుని నిలబడింది. దగ్గరికి వెళ్ళే హక్కు తనకి లేదనిపించింది.

పిల్లని ఇంట్లో వదిలి వచ్చేటప్పుడు, జరిగిందంతా చవాసుకి చెప్పింది. నిప్పు సంగతి వినగానే ఆయన గడప మీద కూలబడ్డాడు. "దేవుడా," అన్నాడు. "ఆ కాలిన పిల్ల ఎట్లా ఉంది?" అదీ ఆయన మొదట అడిగింది.

శనివారం ప్రార్థన మందిరంలో కమిటీ కూర్చుంది. వెనక బెంచీల నిండా తల్లిదండ్రులు. మధ్యలో బల్ల ముందు రోడా అఫాండి అనే పెద్దావిడ, ఆ కమిటీని నడిపే మనిషి. క్వేకర్ల సభల్లో చేతులెత్తి ఓట్లు వేయడం ఉండదు. ఎక్కువమంది ఒకవైపు ఉన్నారు కదా అని తక్కువమందిని తొక్కేయడం వాళ్ళ పద్ధతి కాదు. అందరి మనసూ ఒక దగ్గరికి వచ్చేదాకా మాట్లాడుకుంటారు, మధ్యలో మౌనంగా కూర్చుంటారు, మళ్ళీ మాట్లాడతారు. ఒక్కరు అడ్డం నిలబడితే సభ ఆగిపోతుంది.

ముసింబి లేచి ఏదీ దాచకుండా చెప్పింది. గురువారం తను అన్న మాటలు అన్నట్టుగా చెప్పింది. "ఆ పిల్ల చేసింది పెద్ద తప్పు. దాన్ని అటు నెట్టింది నేను. పిల్లని బళ్ళో ఉంచి, దాని చేత ఆ తప్పు సరిదిద్దిద్దామని నా మనవి. నేను ఈ కుర్చీలో ఉండకూడదనిపిస్తే అదీ చెప్పండి, వెళ్ళిపోతాను."

వెనకనుంచి ఒక తండ్రి లేచాడు. "మీ శాంతి పాఠాలు పిల్లలకి బాగానే ఒంటబట్టాయి మేడం! రేపు నా కూతురికి సెలవు దొరక్కపోతే క్లాసురూమ్ తగలబెట్టమంటారా?"

"మన పిల్లే కదండీ," అంది ఒక ముసలావిడ.

"మన పిల్లని మీ ఇంట్లో పడుకోబెట్టుకోండి. అగ్గిపెట్టె తలగడ కింద పెట్టి మరీ!"

కొందరు నవ్వారు. రోడా చేత్తో బల్ల తట్టింది. "ఇది సంత కాదు. మాట్లాడేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. లుగాలియా గారూ, మీరు చాలాసేపట్నుంచి లేద్దామా వద్దా అన్నట్టున్నారు."

లుగాలియా లేచాడు. రాళ్ళు ఎత్తి ఎత్తి వంగిపోయిన మనిషి. ఆయన మాట్లాడితే సాధారణంగా అందరూ వింటారు, ఎందుకంటే తక్కువ మాట్లాడతాడు.

"ఆ గోడల్లో ప్రతి రాయీ నేను పెట్టిందే. పోనీ, రాయి పోతే ఇంకో రాయి వస్తుంది. నా మనవరాలి చేయి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ పిల్ల లోపల చచ్చిపోతోందని అది మంటల్లో దూకితే, ఆ పిల్ల వంటింటి వెనక దాక్కుంది. మినాయో, మినాయో అని పేరు పెట్టి అందరూ అరుస్తుంటే వినపడలేదా దానికి? ఒక్క కేక వేస్తే సరిపోయేది, నేనిక్కడున్నానని. ముసింబీ, నువ్వు మంచిదానివే, కాదనను. కాని నీ మనసులో బరువు దించుకోవడానికి నా మనవరాలి చేయి మర్చిపోమంటావా? పోలీసులకి అప్పగించండి. నేను ఒప్పుకోను."

ముసింబి తల దించుకుంది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు.

"లుగాలియా గారు అడ్డం నిలబడ్డారు," అంది రోడా. "ముందుకు పోలేం. టీ తాగి వచ్చి మళ్ళీ కూర్చుందాం."

లుగాలియా టీ దగ్గరికి రాలేదు. ముసింబి రెండు గ్లాసులు పట్టుకుని ఆయన కోసం వెతుక్కుంటూ వెళ్ళింది. కాలిన హాస్టలు దగ్గర, ఇంకా నిలబడి ఉన్న మూల రాళ్ళని అరచేత్తో తడుముతూ కనిపించాడు. పక్కన మినాయో ఉంది, కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని. ముసింబిని చూసినా ఇద్దరూ మాటలు ఆపలేదు. అందుకని ఆమె అక్కడే నిలబడింది.

"నువ్వు లోపల నా గురించి మాట్లాడావటగా తాతా," అంటోంది మినాయో. "కిటికీ దగ్గర నిలబడి విన్నా."

"పెద్దవాళ్ళ సభలో నీకేం పని?"

"నా చేయికే ఉంది పని. నేను దాన్ని క్షమించలేదు. దాని మొహం చూడాలని లేదు నాకు. ఆసుపత్రిలో కట్టు విప్పిన ప్రతిసారీ దాన్ని తిట్టుకుంటున్నా."

"మరింకేం?"

"మరింకేం ఏంటి? నేను లోపలికి వెళ్ళింది దాన్ని బయటికి తీసుకురావడానికి. జైలుకి పంపడానికి కాదు. నువ్వు నా చేయి పేరు చెప్పి దాన్ని పంపిస్తే, నేనెందుకు వెళ్ళినట్టు? నీకు కోపం ఉంటే నీ కోపమని చెప్పు. నా చేయిని మధ్యలోకి లాగకు తాతా."

ముసలాయన గోడ మీద నుంచి చేయి తీయలేదు. "నొప్పి ఉందా?" అన్నాడు.

"ఉంది."

"సరే. ఎండలో నిలబడకు, పో."

మినాయో వెళ్ళిపోయింది. ముసింబి గ్లాసు అందించింది. ఆయన అందుకుని, తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"వాళ్ళ నాన్నమ్మ బుద్ధే దీనికి," అన్నాడు. "పెళ్ళైన నలభై ఏళ్ళలో ఒక్కరోజు కూడా నన్ను గెలవనివ్వలేదు."

మళ్ళీ సభ మొదలైంది. రోడా అందర్నీ మౌనంగా కూర్చోమంది. ఈసారి తల్లిదండ్రులు కూడా గొణగడం మానేశారు. బయట కోళ్ళ అరుపులు, దూరంగా రాళ్ళు కొట్టే చప్పుడు. ముసింబి ఏమీ కోరుకోలేదు, ఎదురు కూడా చూడలేదు. అలా ఊరికే కూర్చోవడం ఆమెకి ఈ వారంలో అదే మొదటిసారి.

లుగాలియా కూర్చున్న చోటు నుంచే మాట్లాడాడు. "నాకింకా ఇష్టం లేదు. మీరంతా ఏమనుకున్నా నాకిష్టం లేదు. కాని నేను అడ్డం నిలబడను. అట్లాగే రాసుకోండి. ఆ పిల్ల హాస్టల్లో పడుకోకూడదు. ఊళ్ళో ఎవరింట్లోనన్నా ఉండి పగలు వచ్చి చదువుకోమనండి. సెలవుల్లో నా దగ్గరికి పంపండి. గోడ మళ్ళీ కట్టాలి కదా. నాకు రాయి అందించేవాళ్ళు కావాలి."

"ఎవరింట్లో ఉంటుంది?" అంది రోడా.

"నా ఇంట్లో," అంది ముసింబి.

ఇంకెవరూ కాదనలేదు. పోలీసులకి కేసు వద్దని రాశారు. సెలవు నియమం ఆ పూటే కొట్టేశారు. ముసింబిని ఉద్యోగంలో ఉండమన్నారు గాని, పిల్లలెవరైనా ఇంటి కష్టం చెప్పుకోవడానికి వస్తే ఆమెతో పాటు మేట్రన్ కూడా కూర్చుని వినాలని రోడా చేర్చింది. ముసింబికి అది గుచ్చుకుంది. అయినా తల ఊపింది.

అందరూ దీన్ని మెచ్చుకోలేదు. సోమవారానికి కొన్ని కుటుంబాలు పిల్లల్ని బడి మాన్పించి తీసుకుపోయాయి. లేచి వెటకారమాడిన తండ్రి మాత్రం కూతుర్ని అక్కడే ఉంచాడు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఇగుంజా తిరిగొచ్చి, స్టేషనులో చేపముక్క పెట్టలేదని అందరికీ చెప్పి, సిగరెట్లు మానేశానన్నాడు. ఎవరూ నమ్మలేదు.

డిసెంబరు సెలవుల్లో జెండెకా రోజూ పొద్దున్నే లుగాలియా దగ్గరికి వెళ్ళేది. మొదటి వారం ఆయన ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రాయి కావాలంటే చేయి చాపేవాడు. తప్పు రాయి ఇస్తే అవతల పారేసేవాడు. రెండో వారానికి తిట్టడం మొదలుపెట్టాడు. "కళ్ళున్నాయా? ఈ వంకర రాయి మూలకి పనికొస్తుందా? మీ ప్రిన్సిపాల్ బుర్రలా ఉంది చూడు, ఎటు పెట్టినా నిలవదు." సాయంత్రం జెండెకా ఆ మాట చెబితే ముసింబికి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

కప్పు వేసే రోజున ఊళ్ళో సగం మంది వచ్చారు. మగవాళ్ళు పైకెక్కి రేకులు బిగిస్తుంటే, ఆడవాళ్ళు కింద చిలగడదుంపలు ఉడకబెట్టారు. మినాయో కూడా వచ్చింది. చేతి మీద కట్టు లేదు, ముడతలు పడిన కొత్త చర్మం మెరుస్తోంది. కుడిచేత్తో పెద్ద కెటిల్ పట్టుకుని అందరికీ టీ పోస్తూ వచ్చింది. రాళ్ళ గుట్ట పక్కన జెండెకా గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. మినాయో ఆమె ముందు ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మినాయో దాటి వెళ్ళిపోయి, తర్వాతి మనిషికి పోసింది.

ఆ పక్కనే నిచ్చెన మెట్టు మీద కూర్చున్న లుగాలియా అదంతా చూశాడు. ముసింబి కూడా చూసింది. ముసలాయన తన గ్లాసులో టీ సగం దాకా ఊదుకుంటూ తాగి, చేయి కిందికి చాపి, మిగిలిన సగం జెండెకా ఖాళీ గ్లాసులోకి వంచాడు. ఆమె వైపు చూడకుండానే పైకి తిరిగి, రేకు వంకరగా పెడుతున్నారని పైవాళ్ళ మీద అరవడం మొదలుపెట్టాడు.